టన్ను లెక్క

తండయారుపేటలో, రైలుగేటు దాటాక మూడో సందు,
రెండో అంతస్తు. పైన ఇంకేమీ లేదు,
మిద్దె, దాని మీద ఎండ.
చెప్పులు విప్పి, టేపు విప్పాను.
పది అడుగులు, పదకొండు అడుగులు.
ఎత్తు తొమ్మిదికి బెత్తెడు తక్కువ.

పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను.
సాయంత్రం ఆరున్నర.
పొయ్యి మీంచి దించి పక్కన పెట్టిన పెనంలా
అది ఇంకా మధ్యాహ్నంలోనే ఉంది.

"టన్నా, టన్నున్నరా?" అంది కమలవేణి,
భుజాన కుట్టుకంపెనీ సంచీ దించకుండానే.
"టన్నంటే మా గోడ మోస్తుందా అన్నా?"
నేను నవ్వలేదు. ఇరవై ఏళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళే
బిల్లు చదివి మరీ కట్టారు.
బరువు కాదమ్మా. ఒక టన్ను మంచుగడ్డ
ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని కరిగితే
ఎంత వేడి తాగుతుందో, అంత.
ఆమె గది మధ్యకి చూసింది,
గడ్డని అక్కడ దింపి
మంచాన్ని ఎటు జరపాలా అన్నట్టు.

కాగితం మీద గళ్ళు.
కిటికీ ఒకటి, పడమర, అద్దానికి పాత క్యాలెండరు అట్ట.
ఫ్రిజ్ ఒకటి, వంటింట్లో చోటు లేక ఇక్కడే,
కడుపులో చలి దాచుకుని వీపున వేడి కక్కుతూ.
ఫ్యాను, టీవీ, ట్యూబులైటు.
మనుషులు?
"ఇద్దరం" అంది. ఆగింది.
"కానీ ఒకసారికి ఒకరమే."

ఏకాంబరం రాత్రంతా హార్బరులో ట్రైలరు తోలి
తొమ్మిదింటికి వచ్చి పడుకుంటాడు.
ఆమె ఎనిమిదిన్నర బస్సుకే వెళ్ళిపోతుంది.
రాత్రి ఆమె నడుం వాల్చేసరికి
దుప్పట్లో అతని పగలు ఇంకా ఆరి ఉండదు.
పరుపు ఒక్కటే. దానికి సెలవు లేదు.

మనిషికి ఆరువందలు వేసుకోరా అని నేర్పిన మేస్త్రీ
ఇంట్లోవాళ్ళంతా ఒకే పూట నిద్రపోతారనుకున్నాడు.
రాత్రి నిద్రకైతే ఒక టన్ను ధారాళం.
పగటి నిద్ర వేరు.
అది కత్తిరి ఎండల్లో, పన్నెండుకీ మూడుకీ మధ్య,
రోహిణికి రోళ్ళు పగిలే వేళ,
స్లాబుకి ఎదురుగా వెల్లకిలా.

"ఆదివారం?" అన్నాను, గడి నింపాలి కనుక.
ఆమె సంచీ వారు సర్దుకుని, గోడతో చెప్పినట్టు,
"దానికి మాత్రం ఇద్దరని రాయండి" అంది.
ఢిల్లీబాబు నిచ్చెన వెనక్కి తిరిగి దగ్గాడు.

టన్నున్నర రాస్తే నాకు ఎనిమిదొందలు ఎక్కువ.
ఒకటి అని రాశాను.
కింద, ఏ గడిలోనూ పట్టని మాటలు:
మిద్దె మీద తెల్లసున్నం రెండు పూతలు,
కిటికీకి తడక, బయట, లోపల కాదు,
ఫ్రిజ్ ఎలాగైనా గుమ్మం అవతలికి.
ఎండని ఇంట్లోకి పిలిచి, కూర్చోబెట్టి,
తర్వాత డబ్బిచ్చి సాగనంపడం ఎందుకు.
పెన్ను మూసి మళ్ళీ తెరిచాను. చెమ్మ.
ఈ ఊళ్ళో వేడి సగం పనే చేస్తుంది.
మిగతా సగం సముద్రం,
మెట్లెక్కి వస్తున్నట్టు చప్పుడైనా చెయ్యదు.

ఆడి నెలలో సర్వీసుకి వెళ్ళాను.
మిద్దె ఎంత తెల్లగా ఉందంటే
కాకులు కళ్ళు చిట్లించి నడుస్తున్నాయి.
ఫ్రిజ్ మాత్రం అక్కడే ఉంది.
పైపు కింద నీలం బకెట్ నిండా
ఉప్పు తీసేసిన సముద్రం.
"ముందు లేచినవాళ్ళు కరివేపాకు మొక్కకి పొయ్యాలి"
అన్నాడు ఏకాంబరం ఆవలిస్తూ,
"నిన్న నా వంతు. మర్చిపోయా."

ఫిల్టరు విప్పి కుళాయి కింద పట్టాను.
హార్బరు మసి, కుట్టుకంపెనీ దారప్పోగులు
జాలీ నిండా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.
రెండుసార్లు రుద్దితే గానీ వదల్లేదు.